కోట మెట్ల మీద పౌలు, స్టేషను గుమ్మంలో మనం

ఆ ఆదివారం హుకుంపేట దగ్గర ఒక చిన్న సంఘంలో వాక్యం చెప్పడానికి వెళ్ళాను. పాడేరు నుంచి అరకు పోయే దారిలో బస్సు దిగి, చోడి చేల గట్ల మీదుగా అరగంట నడిస్తే గాని ఆ ఊరు రాదు. రేకుల కప్పు కింద చాపల మీద ఏభై అరవై మంది కూర్చున్నారు. రోమా పత్రిక 13వ అధ్యాయం తీసుకున్నాను. ప్రభుత్వం దేవుని ఏర్పాటు గనుక విశ్వాసి దానిని గౌరవించాలని, పన్ను ఎగవేయకూడదని, అధికారిని చూసి భయపడవలసినవాడు తప్పు చేసినవాడే గాని మంచి చేసేవాడు కాడని చెప్పాను. చాలాచోట్ల చెప్పిన ప్రసంగమే. ఎక్కడా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఆరాధన అయ్యాక అడ్డాకు విస్తర్లలో అన్నం, పప్పు వడ్డించారు. నా పక్కన కూర్చున్న సంఘపెద్ద రెండు ముద్దలు తిని ఆగాడు.

"అయ్యగారూ, మీరు చెప్పింది బాగానే ఉందండి. మంచి చేసేవాడు భయపడక్కర్లేదన్నారు. మరి మావాడు ఏం చెడ్డ చేశాడని?"

మావాడు అంటే ఆయన చెల్లెలి కొడుకు. డిగ్రీ చదివిన కుర్రాడు, యౌవనస్థుల కూటానికి కార్యదర్శి. క్రితం వారం మిరియాల మూట వేసుకుని ఘాట్ రోడ్డు దిగి మైదానానికి వెళ్తుంటే ఒక చెక్‌పోస్టులో ఆపారట. అదెక్కడో ఇక్కడ రాయను. గంజాయి తనిఖీ. బస్సులో నలభై మంది ఉంటే దించింది ముగ్గురినే, ముగ్గురూ కొండవాళ్ళే. మూట కోసి మిరియాలు రోడ్డు మీద పోశారు. "డిగ్రీ చదివానండి" అంటే "కొండోడికి డిగ్రీ ఏంట్రా" అని ఒకాయన నవ్వాడట. ఫోను లాక్కుని, సాయంత్రం దాకా ఎండలో కూర్చోబెట్టి, ఏమీ దొరకక పంపించారు. ఫోను మాత్రం ఇవ్వలేదు. ఏ కాగితమూ ఇవ్వలేదు.

ఆ కుర్రాడు మాకు మజ్జిగ పోస్తూ ఇదంతా విన్నాడు గాని ఒక్క మాటా అనలేదు. వాళ్ళ అమ్మే అంది: "పోనీలెండి అయ్యగారూ, కొట్టలేదు గదా."

ప్రియ పాఠకులారా, ఆ తల్లి మాట నా గొంతులో ముల్లులా దిగింది. కొట్టకపోవడమే మేలు అనుకునే స్థితికి మన సహోదరులు వచ్చినప్పుడు రోమా 13 మీద నా ప్రసంగం సగమే అయిందని నాకు అర్థమైంది. మిగతా సగం ఎక్కడుందా అని ఆ రాత్రి లాంతరు దగ్గర బైబిలు తిరగేస్తూ కూర్చున్నాను. అపొస్తలుల కార్యములు 21 నుంచి 23వ అధ్యాయం వరకు మీరు కూడా ఒక్కసారి ఏకబిగిన చదవండి.

యెరూషలేము దేవాలయంలో అల్లరి జరిగింది. పౌలు ఒక అన్యుణ్ణి లోపలికి తీసుకొచ్చాడని పుకారు. నిజానికి ఆ ఎఫెసు మనిషిని అతనితో కలిసి పట్టణంలో చూశారంతే, మిగిలింది ఊహించుకున్నారు. గుంపు పౌలును ఈడ్చి కొడుతుంటే రోమా సహస్రాధిపతి సైనికులతో పరుగెత్తుకొచ్చాడు. ఆయన రాకపోతే పౌలు ఆ రోజే చనిపోయేవాడు. కాని ఆ అధికారి చేసిన మొదటి పని గమనించండి. ముందు రెండు సంకెళ్ళు వేయించాడు, ఆ తరువాతే ఇతనెవరు, ఏం చేశాడు అని అడిగాడు. కోట మెట్ల మీద పౌలు గ్రీకులో మాట్లాడితే ఆయన ఆశ్చర్యపోయాడు. ఎందుకంటే వేల మంది హంతకులను వెంటేసుకుని అరణ్యానికి పోయిన ఐగుప్తు తిరుగుబాటుదారుడు ఇతనే అనుకున్నాడు!

అడవికి పోయినవాళ్ళలో ఒకడనుకోవడం. ముఖం చూసి, వేషం చూసి తీర్మానించడం. నోరు తెరిచి చదువుకున్నవాడిలా మాట్లాడితే నివ్వెరపోవడం. మన్యంలో పెరిగిన ఏ కుర్రాడినైనా అడగండి, ఈ అధ్యాయానికి వ్యాఖ్యానం అక్కర్లేదంటాడు.

తరువాత ఆ సహస్రాధిపతి పౌలును కొరడాలతో కొట్టి నిజం రాబట్టమన్నాడు. పౌలు ఎదురు తిరగలేదు, తిట్టలేదు. అలాగని మౌనంగా వీపు అప్పగించనూ లేదు. తాను రోమా పౌరుణ్ణని, విచారణ లేకుండా కొట్టడం చట్టం ఒప్పుతుందా అని దగ్గరున్న శతాధిపతిని నిలదీశాడు. ఆ ఒక్క ప్రశ్నతో కొరడా ఆగింది. సంకెళ్ళు వేయించిన అధికారికే భయం పట్టుకుంది. అంతకుముందు ఫిలిప్పీలోనూ ఇంతే. విచారణ లేకుండా బెత్తాలతో కొట్టి జైలులో వేసిన అధికారులు మర్నాడు రహస్యంగా వెళ్ళిపొమ్మని కబురు పెడితే పౌలు కదలలేదు. వాళ్ళే స్వయంగా వచ్చి తీసుకుపోవాలన్నాడు. వచ్చి బతిమాలుకున్నారు. రోమా 13 రాసిన చేయి, ఈ ప్రశ్నలు అడిగిన నోరు ఒకే మనిషివి. ఆయనకు వీటి మధ్య వైరుధ్యం కనబడలేదు. అధికారి దేవుని సేవకుడు అని నమ్మినవాడే, ఆ సేవకుడు యజమాని ఆజ్ఞ దాటినప్పుడు ధైర్యంగా అడగగలడు.

ఇంకో సంగతి. నలభై మందికి పైగా పౌలును చంపేదాకా అన్నపానాలు ముట్టమని ఒట్టు పెట్టుకున్నారు. ఆ సంగతి విన్న పౌలు మేనల్లుడు కోటకు వెళితే, అదే సహస్రాధిపతి ఆ చిన్నవాడి చేయి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళి సావధానంగా విన్నాడు. ఆ రాత్రే 200 మంది సైనికులను, 70 మంది గుఱ్ఱపు రౌతులను, 200 మంది ఈటెలవాళ్ళను తోడిచ్చి పౌలును కైసరయకు చేర్చాడు. ఒక్క ఖైదీ ప్రాణానికి 470 మంది! సంకెళ్ళు వేసిన చేయీ అదే, కాపాడిన చేయీ అదే. పోలీసులంతా రాక్షసులనేవారూ, పోలీసులు చేసిందంతా న్యాయమనేవారూ ఈ మూడు అధ్యాయాలూ చదవనివారే. (ఆయన గవర్నరుకు పంపిన ఉత్తరంలో సంకెళ్ళ మాటా కొరడాల మాటా లేదు. పౌలు రోమీయుడని తెలిసి వెళ్ళి రక్షించానని రాసుకున్నాడు. రికార్డులు సర్దే విద్య మన కాలంలో పుట్టింది కాదు.)

వాకపల్లి

హుకుంపేట ఉన్న జిల్లాలోనే మరో మండలం జి.మాడుగుల. అందులో నుర్మతి పంచాయతీలో వాకపల్లి అనే చిన్న పల్లె ఉంది. 2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ దళం కూంబింగ్‌కు ఆ ఊరికి వెళ్ళింది. తమపై అత్యాచారం జరిగిందని 11 మంది కోందు స్త్రీలు ఫిర్యాదు చేశారు. పోలీసులు కాదన్నారు. ఇది మావోయిస్టుల ప్రచారమని కొట్టిపారేసినవారు చాలామంది ఉన్నారు. మన సంఘాల్లో ఎంతమంది అలా అనుకున్నారో మనకు తెలుసు. ఆ స్త్రీలకు చదువు లేదు, మన తెలుగు సరిగా రాదు. అయినా వాళ్ళు ఎవరినీ కొట్టలేదు, దేనినీ తగలబెట్టలేదు. ధర్నాల్లో కూర్చున్నారు, కోర్టు మెట్లెక్కారు. మానవ హక్కుల వేదికవంటి వారు వెంట నిలిచారు. 21 మందిలో 13 మందిపై విచారణ జరగవచ్చని హైకోర్టు 2012లో చెప్పింది. త్వరగా ముగించమని సుప్రీంకోర్టు 2017లో ఆదేశించింది. విశాఖపట్నం ప్రత్యేక కోర్టు తీర్పు వచ్చేసరికి 2023 ఏప్రిల్ 6. అప్పటికి ఆ 11 మందిలో ఇద్దరు చనిపోయారు.

ఆ 13 మందీ నిర్దోషులుగా విడుదలయ్యారు. చట్టాన్ని గౌరవించే మనం ఆ మాటను తోసిపుచ్చకూడదు; నేరం రుజువు కానివాణ్ణి దోషి అనడం కూడా అబద్ధ సాక్ష్యమే. కాని తీర్పు అక్కడితో ఆగలేదు. దర్యాప్తు అధికారులు తమ పని సరిగా చేయలేదని కోర్టు తప్పు పట్టింది, ఆ స్త్రీలకు నష్టపరిహారం చెల్లించమంది. అంటే నిజం తేల్చవలసినవారు దానిని తేల్చే స్థితిలో ఉంచలేదన్నమాట. దీనివల్ల నష్టపోయింది ఆ స్త్రీలే కాదు. ఆ 13 మందిలో నిజంగా ఏ తప్పూ చేయనివాడుంటే అతని మీద మచ్చ కూడా పూర్తిగా తుడుచుకుపోదు. నిజాయితీగల పోలీసుకు కూడా నిజాయితీగల దర్యాప్తే రక్షణ. కత్తి ధరించే అధికారం దేవుడిచ్చాడని నమ్మే మనం, ఆ కత్తి ఎక్కడ పడిందో లెక్క చెప్పమని అడగడం అవిధేయత ఎలా అవుతుంది?

ఇక్కడ కొందరు యౌవనస్థులు నన్ను అడిగేది నాకు తెలుసు. "పదిహేనేళ్ళు చట్టాన్ని నమ్ముకుంటే వచ్చింది ఇదా? అల్లూరి సీతారామరాజు కోర్టుకు వెళ్ళాడా?" 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయిన కథ మన్యంలో చంటిపిల్లలకూ తెలుసు. 2022 ఏప్రిల్ 4 నుంచి హుకుంపేట ఉన్న జిల్లాకు ఆయన పేరే. ఆయనను తక్కువచేసి మాట్లాడను. అడవి చట్టాలు పోడునూ ఆకునూ లాగేసుకున్నాయి, కూలి ఇవ్వకుండా రోడ్లు వేయించారు. 1839 నాటి చట్టంతో ఏజెన్సీని మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరునే ఏజెంటుగా సమస్తానికీ అధిపతిని చేశారు. కొండమనిషికి ఓటు లేదు, మొర పెట్టుకుంటే వినే వేరొక చోటు లేదు. ఆ కాలపు మనుషులను ఈనాటి కుర్చీలో కూర్చుని తీర్పు తీర్చడం నాకు చేతకాదు.

కాని ఈనాడు మన చేతిలో పౌలు చేతిలో ఉన్నది ఉంది, పౌరసత్వం. అది ఉత్త కాగితం అనేవారికి ఈ కొండల్లోనే ఒక జవాబుంది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకిచ్చిన గనుల లీజుల మీద సమత సంస్థ కోర్టుకు వెళితే, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరుల కంపెనీలకు లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు 1997 జూలై 11న చెప్పింది. ఒక్క తుపాకీ పేలకుండా దేశంలోని షెడ్యూల్డు ప్రాంతాలన్నిటిలో చెప్పుకునే తీర్పు మన పక్క మండలం నుంచి వెళ్ళింది.

రెండు మంటలు

ఇప్పుడు రెండవ వైపు చెప్పాలి. 2018 సెప్టెంబరు 23, ఆదివారం. డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావునూ, మాజీ శాసనసభ్యుడు సివేరి సోమనూ మావోయిస్టులు కాల్చి చంపారు. ఇద్దరూ ఆదివాసీలే. పేదల పేరు చెప్పి, విచారణ పేరు చెప్పి, తామే వాది, తామే న్యాయాధిపతి, తామే తలారి అయ్యారు. ఇన్‌ఫార్మరన్న అనుమానం మీద వారు చంపిన గిరిజనులు ఈ కొండల్లో ఎందరో ఉన్నారు. పోలీసు అనుమానించేదీ ముఖం చూసే, అన్నలు అనుమానించేదీ ముఖం చూసే. మధ్యలో నలిగేది ఒక్కటే ఇల్లు.

ఆ రోజు కోపంతో జనం డుంబ్రిగుడ, అరకు పోలీస్ స్టేషన్ల మీద పడి నిప్పు పెట్టారు. పోలీసులు కాపాడలేకపోయారన్న ఆక్రోశం అది. ఆక్రోశం నాకర్థమవుతుంది. నిప్పు మాత్రం అర్థం కాలేదు. చంపినవాళ్ళు అడవిలో ఉన్నారు, తగలబడింది స్టేషను. స్టేషను కాలితే ముందు అంటుకునేవి కాగితాలే. ఆ బీరువాలో పెద్దవాడి పలుకుబడితో పాటు పేదరాలు పెట్టుకున్న అర్జీ కూడా ఉంటుంది. ఆ తరువాత కేసులు మోసేది ముందు నడిపించిన నాయకులు కాదు, వెనక పరుగెత్తిన కుర్రాళ్ళు. గుంపు చెడు చేయడానికి పోతుంటే వెంట పోవద్దని నిర్గమకాండము 23వ అధ్యాయంలో దేవుడు ఆజ్ఞ ఇచ్చింది పరాయివాళ్ళకు కాదు, ఐగుప్తులో వెట్టిచాకిరీ చేసి అప్పుడే బయటపడ్డ జనానికి. దెబ్బలు తిన్నవాడికి కూడా ఆ ఆజ్ఞ వర్తిస్తుంది.

రెండేళ్ళు తిరగకుండా అటువంటి మంటే అమెరికాలో లేచింది. 2020 మే 25న మినియాపొలిస్‌లో, దొంగ 20 డాలర్ల నోటు ఇచ్చాడన్న అనుమానంతో పట్టుకున్న జార్జి ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడి మెడ మీద ఒక తెల్ల పోలీసు తొమ్మిది నిమిషాలకు పైగా మోకాలు అదిమి పెట్టాడు. ఆయన చనిపోయాడు. మూడు రోజులకు అక్కడా జనం పోలీస్ స్టేషను తగలబెట్టారు. ఆ చిత్రాలు టీవీలో పదే పదే చూశాం. కాని ఆ పోలీసుకు శిక్ష పడిందెలా? ఆ రోజు రోడ్డు పక్కన నిలబడి, భయపడుతూనే ఫోనులో మొత్తం చిత్రీకరించిన 17 ఏళ్ళ అమ్మాయి సాక్ష్యం ఒకటి. ఆ ఊరి పోలీసు శాఖ అధిపతే బోనులోకి వచ్చి, ఇది మా శిక్షణ కాదు, మా పద్ధతి కాదని తన మనిషికి వ్యతిరేకంగా చెప్పిన సాక్ష్యం ఇంకొకటి. 2021 ఏప్రిల్ 20న జ్యూరీ దోషి అంది. 22 ఏళ్ళ ఆరు నెలల శిక్ష పడింది. అంత జనం వీధుల్లోకి రాకపోతే కేసు అంత దూరం వచ్చేది కాదని కొందరంటారు. శాంతంగా నడిచిన లక్షల మంది విషయంలో నేను ఒప్పుకుంటాను, వారిలో మన విశ్వాసులూ ఉన్నారు. నిప్పు పెట్టినవాళ్ళ విషయంలో ఒప్పుకోను. వాళ్ళు ఆ అమ్మాయి సాక్ష్యానికి ఏమీ కలపలేదు.

ఎఫెసులో పెద్ద అల్లరి లేచినప్పుడు ఆ పట్టణపు కరణం జనాన్ని సముదాయించిన తీరు చూడండి. క్రైస్తవుడు కాడు, అయినా ఎంత సబబుగా మాట్లాడాడు! ఫిర్యాదుంటే న్యాయసభలున్నాయి, అధిపతులున్నారు, అక్కడ తేల్చుకోండి అన్నాడు. సరే, తలుపు తెరిచే ఉందంటాం. కాని ఆ తలుపు దాకా వెళ్ళడానికే భయపడేవాడికి తోడు ఎవరు?

అక్కడే మన సంఘాలు తప్పిపోయాయి. "పోలీసు గొడవ మనకెందుకు" అనడం భక్తి అనుకున్నాం. ఎవరైనా జెండా పట్టుకుని వచ్చి మన కుర్రాడి పక్కన నిలబడితే, వాడు ఆ జెండా వెంట పోయాడని బాధపడ్డాం. అంతకుముందు రోజు మనం ఎక్కడున్నాం?

తెలిసి ఉండవలసినవి కొన్ని చెబుతాను. అరెస్టు చేస్తే కాగితం రాయాలి, దాని మీద సాక్షి సంతకం ఉండాలి, ఇంటివారికి కబురు చేయాలి, అరెస్టు చేసే అధికారి పేరు కనబడాలి అని సుప్రీంకోర్టు డి.కె.బసు కేసులో 1996 డిసెంబరు 18న చెప్పింది. 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగమే చెబుతుంది. 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. షెడ్యూల్డు తెగలవారికి ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వ ఖర్చుతో వకీలు దొరుకుతాడు. న్యాయసేవల సంస్థ ఫోను నంబరు 15100. దీనిని యౌవనస్థుల కూటంలో గోడ మీద రాయించండి. వాక్యం పక్కన రాసినా తప్పులేదు.

పోలీసుల పక్షంగానూ ఒక మాట. గంజాయి ఈ కొండలను ఎంత పాడు చేసిందో హుకుంపేట సంఘాలకు తెలుసు. 2021లో 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో వేల ఎకరాల తోటలు నరికించారు. ఎవరో పెట్టుబడిదారుడి మూట మోసి జైళ్ళలో మగ్గుతున్న మన పిల్లలు ఎందరో. కనుక తనిఖీ చేయవద్దని అనలేం. తనిఖీ చేసే చేయి మర్యాదగా చేయాలని, తీసుకున్న వస్తువుకు కాగితం ఇవ్వాలని అంటున్నాం. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి సైనికులు వచ్చి మేమేం చేయాలని అడిగితే ఆయన ఉద్యోగం మానేయమనలేదు. బలవంతపు వసూళ్ళు, అబద్ధపు కేసులు మానమని, జీతంతో తృప్తి పడమని చెప్పాడు. మన సంఘాల్లో కానిస్టేబుళ్ళు, హోంగార్డులు ఉన్నారు. ఈ లూకా 3వ అధ్యాయం మీద వారికోసం ఎప్పుడైనా ప్రసంగించామా? నేనైతే ప్రసంగించలేదు.

సోమవారం ఉదయం నేను తిరిగి రావలసిన బస్సు వదిలేశాను. సంఘపెద్ద ఇంటి అరుగు మీద కూర్చుని అర్జీ రాశాం. కుర్రాడు చెప్పినదంతా, తేదీతో సహా, ఒక్క మాట పెంచకుండా, ఒక్క తిట్టు లేకుండా. "కొండోడు" అన్న మాట రాయాలా వద్దా అని ఆగాం. అన్నమాట అన్నట్టే రాయమని పెద్దాయన చెప్పాడు. కుర్రాడు సంతకం చేశాడు, వాళ్ళ అమ్మ వేలిముద్ర వేసింది, పెద్దాయన, నేను సాక్షులం.

ఘాట్ దిగి స్టేషనుకు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఎస్సై బందోబస్తుకు వెళ్ళారు. బల్ల దగ్గరున్న కానిస్టేబులు చిన్నవాడు. అర్జీ చదివి, కుర్రాడి ముఖం చూసి, కువి భాషలో ఏదో అడిగాడు. వీడు జవాబు చెప్పాడు. ఏ ఊరని అడిగాడట, తనదీ పై కొండేనట. బెంచీ చూపించి తల్లిని కూర్చోమన్నాడు.

"ఫోను సంగతి నాకు తెలీదు. గురువారం రండి, ఎస్సైగారు ఉంటారు" అన్నాడు.

"అలాగే వస్తామండి. దీనికి రసీదు ఇప్పించండి" అన్నాడు పెద్దాయన.

ఆ కుర్ర కానిస్టేబులు తలెత్తి మా నలుగురినీ వరసగా చూశాడు. లోపలి గదివైపు ఒకసారి చూశాడు. తరువాత సొరుగు లాగి, నకలు మీద తేదీ వేసి, ముద్ర కొట్టి ఇచ్చాడు. పెద్దాయన దానిని నాలుగు మడతలు పెట్టి బైబిలు అట్టలో దాచుకున్నాడు. గురువారం పొద్దుటి బస్సుకే వెళ్తారట. ఈసారి సంఘం నుంచి ఇంకో ఇద్దరు వస్తామన్నారు.